ఫ్రెంచి కోచ్, మా వదిన, నా గొంతు

నలభై ఒకటో ఏట నేను గోల్‌కీపర్నయ్యాను. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు, తర్వాత నా ఎత్తు చూసి నవ్వు ఆపేస్తారు. ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. తణుకులో ఉన్నన్నాళ్లూ ఈ ఎత్తు మా అమ్మకి దిగులు. కాలేజీ త్రోబాల్ జట్టుకి మాత్రం వరం. నా చేతుల్లోకి వచ్చిన బంతి జారిపోవడం మా కాలేజీలో ఎవరూ చూడలేదు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటారేమో, అవును, చెప్పుకుంటున్నాను.

నన్ను గ్రౌండ్‌కి లాక్కెళ్లింది మా వదిన. మా ఆయనకి స్వయానా అక్క, ఆయన కంటే ఆరేళ్లు పెద్ద. వాళ్లది మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగు కుటుంబం. ముత్తాతలెప్పుడో విశాఖపట్నం వైపు నుంచి తోటల పనికి వెళ్లారు, వీళ్లు ఉద్యోగాల కోసం సింగపూర్‌కి దిగారు. చోవా చూ కాంగ్‌లో వదిన ఫ్లాట్, బుకిట్ పంజాంగ్‌లో మాది. ముప్పై అయిదు దాటిన ఆడవాళ్ల జట్టులో వదిన సెంటర్ డిఫెండర్. అంటే గోలుకి సరిగ్గా ముందు, మధ్యలో గోడలా నిలబడే మనిషి. ఆవిడ ఇంట్లోనూ అంతే.

"ఏటి మరదలా, శనివారం శనివారం ఇలా కూకుని ఏం చేస్తన్నావ్? మా గోల్లో నిలబడ్డానికి ఎవరూ లేరు లా. నీ చేతులు చూడు, ఫ్యాన్ రెక్కల్లా ఉన్నాయి. రా," అంది. మాట చివర ఆ 'లా' మలేషియా, సింగపూర్ వాళ్ల అలవాటు. వదిన రమ్మంటే మా ఇంట్లో ఎవరూ ఎందుకని అడగరు. వెళ్లాను.

అక్కడున్నాడు కోచ్. యాభై ఆరేళ్ల ఫ్రెంచి మనిషి, తెల్లజుట్టు, ఎడమచేతి చిటికెనవేలు పక్కకి వంగిపోయి ఉంది. గొంతు బొంగురు. పొద్దున్నే లేచి ఎవరితోనో గొడవ పెట్టుకుని వచ్చినట్టుంటుంది ఎప్పుడూ. ఆయన భార్య ఇక్కడి మనిషే, మా జట్టు మిడ్‌ఫీల్డ్‌లో ఆడుతుంది. వారమంతా స్కూళ్లలో గోల్‌కీపర్లకి నేర్పి, శనివారం సాయంత్రం భార్యతో పాటు వచ్చి మా మీద పడేవాడు.

ఆయన కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఉత్తర ఫ్రాన్సులో ఓ రేవు పట్నం. నాన్న చేపల మార్కెట్లో పనివాడు. పధ్నాలుగో ఏట ఊళ్లోని క్లబ్బులో చేరాడు. పద్దెనిమిదికి పెద్దల జట్టులోకి వచ్చాడు గానీ రెండో గోల్‌కీపర్‌గా. రెండో గోల్‌కీపర్ అంటే ఏమిటో మొదట్లో నాకు తెలియదు. మిగతా ఆటగాళ్లని మధ్యలో మారుస్తారు, గోల్‌కీపర్ని మార్చరు. మొదటివాడికి జ్వరం రావాలి, లేదా వేలు విరగాలి. అప్పటిదాకా బెంచీ మీద కూర్చోవాలి. అలా అయిదేళ్లు కూర్చున్నాడు. తర్వాత అవకాశం వచ్చింది, ఆ క్లబ్బు వదిలేశాడు, చిన్నా పెద్దా ఊళ్లు తిరిగాడు, ముప్పై ఆరో ఏట ఒక్క సీజన్ ఆడదామని సింగపూర్ వచ్చాడు. మోకాలు పోయింది. మోకాలు పోయినా మనిషి ఇక్కడే ఉండిపోయి కోచ్ అయ్యాడు. ఇదీ ఆయన చెప్పే పద్ధతి, బస్సు దిగి ట్రైన్ ఎక్కాను అన్నట్టు.

మొదటి నాలుగు వారాలు ఆయన నాకు బంతి ఇవ్వలేదు. గోల్లో నిలబెట్టి, "ఏం కనిపిస్తోందో చెప్పు. గట్టిగా," అనేవాడు. నాకు ఒళ్లు మండింది. నేను త్రోబాల్ కెప్టెన్ని, క్రికెట్ కామెంటరీ చెప్పడానికి రాలేదు, ముందు బంతి ఇవ్వండి అన్నాను. ఆయనేమీ అనుకోలేదు.

"చేతులు నీకున్నాయి, చూశాను," అన్నాడు. "గొంతు లేదు. గ్రౌండ్‌లో అందరూ కనిపించేది నీ ఒక్కదానికే. నీ డిఫెండర్ల వెనకాల ఎవరు నక్కి ఉన్నారో వాళ్లకి తెలియదు, నీకు తెలుసు. తెలిసీ చెప్పకపోతే అది దొంగతనం."

సరే, అరవడం మొదలుపెట్టాను. ఇక్కడే వచ్చింది చిక్కు. జట్టులో చిన్నదాన్ని నేనే. నా ముందు నిలబడే నలుగురు డిఫెండర్లూ నాకంటే పెద్దవాళ్లు. ఇద్దరు తమిళులు, ఒకావిడ మలయ్, మధ్యలో వదిన. తమిళ ఆవిడలు అక్కలు, వాళ్లని చూసి మలయ్ ఆవిడా అందరికీ అక్కయింది. వదిన మొదటి రోజే నాకు చెప్పింది. "ఇక్కడ వదినా గిదినా అనకు, నవ్వుతారు లా. అందర్లాగే అక్కా అను."

కాబట్టి నా గోలు ముందు నలుగురు అక్కలు. ఓ మ్యాచ్‌లో ఎదుటి జట్టు గ్రౌండ్ మూల నుంచి కార్నర్ కొట్టింది. బంతి తేలుతూ వచ్చింది. "అక్కా, తీసుకోండి!" అని ప్రాణం పెట్టి అరిచాను. నలుగురు అక్కలూ ఒక అడుగు ముందుకేశారు, తర్వాత ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, మీరు తీసుకోండంటే మీరు తీసుకోండన్నట్టు నలుగురూ ఆగిపోయారు. పెళ్లి విందులో మిగిలిన ఒక్క బొబ్బట్టు దగ్గర ఆగినట్టు. ఎదుటి జట్టులో మర్యాద తెలియని అమ్మాయొకత్తి వచ్చి బంతిని లోపలికి తన్నింది.

కోచ్ నెత్తి పట్టుకున్నాడు. మ్యాచ్ అయ్యాక, అక్కా అంటే ఏమిటని అడిగాడు. చెప్పాను. ఆ రోజు నుంచి ఒకటే నియమం. గ్రౌండ్‌లో అక్కలు లేరు. ముందు పేరు, తర్వాత పని. అంతే.

తమిళ ఆవిడల పేర్లు రెండు వారాల్లో నోటికొచ్చాయి. మలయ్ ఆవిడ పేరు ఇంకో వారం. వదిన పేరు దగ్గర నోరు పెగల్లేదు. మా ఇళ్లల్లో పెద్దాడపడుచుని పేరు పెట్టి పిలవడమంటే ఏమిటో తెలిసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పెళ్లయి పదహారేళ్లు, ఆవిడ పేరు నేను ఒక్కసారి కూడా పైకి అనలేదు. బ్యాంకు కాగితం మీద రాయాల్సి వస్తే కూడా మా ఆయన చేత రాయించాను. అలాంటిది, పార్కులో జనం చూస్తుండగా, పేరు పెట్టి, పైగా చెయ్యి, వెళ్లు, వదిలేయి అని ఆర్డర్లు వెయ్యాలట. నేను మొండిదాన్నే గానీ అంత మొండిదాన్ని కాదు.

అందుకని ఓ ఉపాయం చేశాను. ముగ్గురిని పేర్లు పెట్టి పిలిచి, వదిన వైపు బంతి వచ్చినప్పుడు నోరు మూసుకునేదాన్ని. ఆవిడ అనుభవమున్న డిఫెండర్ కదా, చూసుకుంటుందిలే అని. ఇలా ఏడాది పైన నెట్టుకొచ్చాను. గోల్స్ పెద్దగా పడలేదు కూడా. ఎవరూ కనిపెట్టలేదనుకున్నాను.

సీజన్ చివరి మ్యాచ్ మూడు వారాలుందనగా, కోచ్ నన్ను పక్కకి పిలిచాడు.

"మీ ఆడపడుచుకి మెడ నొప్పిగా ఉంటోందా?" అన్నాడు.

ఆశ్చర్యపోయాను. ఉంటోంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి భోజనానికి వెళ్లినప్పుడు బామ్ రాసేది నేనే. వయసు వచ్చింది లా, తలగడ మార్చాలి లా అని ఆవిడ, మార్చండి వదినా అని నేను.

"తలగడ కాదు, నువ్వు," అన్నాడు ఆయన. "ఆవిడ ప్రతి బంతికీ వెనక్కి తిరిగి నిన్ను చూస్తోంది. నువ్వు చెప్పవు కాబట్టి. ముందు బంతి, వెనక నువ్వు, మధ్యలో ఆవిడ మెడ. మిగతా ముగ్గురూ ఒక్కసారి కూడా తిరగరు. చివరి మ్యాచ్‌కి నువ్వు ఆవిడ పేరు పిలవాలి. లేకపోతే గోల్లో ఈ సీజన్‌లో చేరిన రెండో కీపర్ నిలబడుతుంది. నువ్వు బెంచీ."

నేనేదో అనబోయాను. ఇంతలో పిడుగుల హెచ్చరిక సైరన్ మోగింది. అందరం గ్రౌండ్ ఖాళీ చేసి పక్క బ్లాకు కింద ఖాళీ జాగాలోకి చేరాం. వదినా వాళ్లూ దూరంగా రాతి బల్ల దగ్గర కూర్చున్నారు. కోచ్ నా పక్కన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. వాన మొదలైంది. అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

ఇరవై మూడో ఏట ఆయనకి మొదటి కీపర్‌గా అవకాశం వచ్చింది. గోలు ముందు డిఫెండర్‌గా జట్టు కెప్టెన్, ముప్పై నాలుగేళ్లవాడు. ఈయన చిన్నప్పుడు ఏ మనిషి ఆట చూడ్డానికి గోడ దూకి వెళ్లేవాడో ఆ మనిషే. ఊళ్లో అందరికీ దేవుడు. ఆయన బూట్లు కూడా ఈయనే తుడిచేవాడు, ఎవరూ చెప్పకపోయినా.

"ఆయనకి నేను ఆర్డర్ వేయడమేమిటి?" అన్నాడు కోచ్. "ఆయన ఎలా ఆడితే నేను అలా సర్దుకోవాలి అనుకున్నాను. ఆరో మ్యాచ్. బంతి గాల్లో వచ్చింది. అది నాది. నేను బయటికి పరిగెత్తాను. ఆయన వెనక్కి వస్తున్నాడు, నన్ను చూడలేదు. కీపర్ అని ఒక్క మాట అరిస్తే చాలు, ఆయన పక్కకి తప్పుకునేవాడు. అరవలేదు. నా బరువంతా ఆయన మోకాలి మీద పడింది. ఆయన మళ్లీ ఆడలేదు."

వాన చప్పుడులో ఆ చివరి మాట సరిగా వినపడలేదేమోనని మళ్లీ చెప్పాడు. ఆయన మళ్లీ ఆడలేదు.

"కోపగించుకున్నారా?" అని అడిగాను.

"లేదు. ఆసుపత్రికి వెళ్తే, పర్వాలేదులే కుర్రాడా అన్నాడు. అన్నాక కిటికీ వైపు తిరిగాడు. సీజన్ అయ్యాక నేను ఆ ఊరు వదిలేశాను. అప్పటి నుంచి ఎక్కడ ఆడినా ప్రతి బంతికీ అరిచాను. ఇదిగో, గొంతు ఇలా అయింది. కోచ్ అయింది కూడా చేతులు ఎలా పెట్టాలో నేర్పడానికి కాదు. అది ఎవరైనా నేర్పుతారు."

ఆ రోజు ఎల్‌ఆర్‌టీ రైల్లో ఇంటికి వస్తూ నాతో నేను ఖచ్చితంగా తేల్చుకున్నాను. నాకు ఆ గోలు కావాలి. మా నాన్నకి కూతురిగా, మా ఆయనకి భార్యగా, జురాంగ్ ఈస్ట్ ఆఫీసులో ఎవరి ప్రాజెక్టుకో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా నాకు దొరికిన చోట్లన్నీ ఒకరిచ్చినవే. ఆ రెండు స్తంభాల మధ్య చోటు నా చేతులతో సంపాదించుకున్నాను. దాన్ని ఒక పేరు పలకలేక వదులుకోవడమా?

ఇంట్లో ప్రాక్టీసు మొదలుపెట్టాను. బాత్రూమ్‌లో షవర్ తిప్పి, ఆ చప్పుడులో వదిన పేరు అనేదాన్ని. మొదట పెదవులతో, తర్వాత చిన్నగా. అయిదో రోజు కాస్త ధైర్యం వచ్చి గట్టిగా అన్నాను. మా ఆయన హాల్లోంచి పరిగెత్తుకొచ్చి తలుపు కొట్టాడు.

"అక్క వచ్చిందా? అక్కని బాత్రూమ్‌లో పెట్టి అరుస్తున్నావేంటి?"

సంగతి చెబితే పడీ పడీ నవ్వాడు. "నేరుగా వెళ్లి అడిగెయ్ లా, పేరు పెట్టి పిలవొచ్చా అని," అన్నాడు. ఆయనకేం, తమ్ముడు. అడగడం పిలవడం కంటే కష్టం. రెండు ఆదివారాలు వదిన మెడకి బామ్ రాస్తూ అడుగుదామనుకున్నాను, నీళ్లు నమిలి ఊరుకున్నాను. మూడో శనివారం రానే వచ్చింది.

"పిలుస్తావా?" అన్నాడు కోచ్, గ్లవ్స్ నా చేతికి ఇవ్వకుండా పట్టుకుని.

"పిలుస్తాను," అన్నాను. అబద్ధమో నిజమో నాకే తెలియదు. గ్లవ్స్ ఇచ్చాడు.

మొదటి సగం బంతి నా వైపు పెద్దగా రాలేదు. వచ్చిన రెండుసార్లూ వదిన వెనక్కి తిరిగి చూసింది, నేను నోరు మెదపలేదు, ఆవిడే తన్నేసింది. గ్రౌండ్ గీత అవతలి నుంచి కోచ్ నన్ను చూశాడు. రెండో కీపర్ లేచి కాళ్లు విదిలించుకోవడం మొదలుపెట్టింది.

రెండో సగంలో కుడి పక్క నుంచి బంతి ఎత్తుగా వచ్చింది. నాది అని వెంటనే తెలిసింది. బయటికి ఉరికాను. వదిన కూడా అదే బంతి కోసం ఆకాశం వైపు చూస్తూ వెనక్కి వెనక్కి వస్తోంది. ఆ ఒక్కసారి ఆవిడ నన్ను చూడలేదు. ఆవిడ మోకాళ్లు కనిపించాయి నాకు, పట్టీ కట్టుకున్న ఆ కుడి మోకాలు. నా బరువు డెబ్బై ఎనిమిది కిలోలు.

పిలిచాను. పేరు పెట్టి, గారు లేకుండా, అక్కా లేకుండా, పక్కనున్న బ్లాకుల్లో పదో అంతస్తుదాకా వినపడేలా. "కింద కూర్చో!" అన్నాను, ఏకవచనంలో.

వదిన ఆలోచించలేదు. ఎవరు పిలిచారని చూడలేదు. ఉన్నచోటే కూలబడింది. నేను ఆవిడ మీదుగా ఎగిరి బంతి పట్టుకుని అవతల పడ్డాను. నా మోచెయ్యి గీరుకుపోయింది. ఆవిడకి ఒక్క గీత పడలేదు.

లేచి చూస్తే వదిన గడ్డిలో కూర్చుని నన్నే చూస్తోంది. "ఏటి చూస్తావ్, బంతి తన్ను!" అని అరిచింది. తన్నాను. తర్వాత మిగిలిన ఇరవై నిమిషాల్లో ఆ పేరు ఎన్నిసార్లు పిలిచానో లెక్కలేదు. ఒకసారి నోరు తెరుచుకున్నాక నన్ను ఆపడం ఎవరి తరం? ఆవిడ మళ్లీ ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. ఒక్క గోల్ తేడాతో గెలిచాం. ఆ గోల్ కొట్టింది కోచ్ భార్య అని చెప్పకపోతే ఆయన ఊరుకోడు.

ఇంతటితో అయిపోలేదు. గట్టు మీద నుంచి ఎవరో వీడియో తీశారు. జట్టు గ్రూపులోంచి అది మా ఇంటి వాట్సాప్ గ్రూపులోకి, అక్కడి నుంచి మలేషియాలో ఉన్న పిన్నత్తలకీ పెదమావలకీ చేరిపోయింది. మర్నాడు మధ్యాహ్నం భోజనానికి వదిన ఇంటికి వెళ్లేసరికి, అక్కడే ఉండే మా అత్తయ్య సోఫాలో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది. నా గొంతు ఆ ఫోన్లోంచి వస్తోంది. అత్తయ్య మళ్లీ వెనక్కి తిప్పింది. మళ్లీ నా గొంతు.

"ఇది నువ్వేనా?" అంది.

"నేనే అత్తయ్యా."

"పెద్దాడపడుచుని పేరెట్టి పిలుస్తావా? కూకో అంటావా? మా అత్త బతికుంటే నిన్నూ నన్నూ కలిపి గుమ్మం బయట నిలబెట్టును. మీ పిన్నత్త ఫోన్ చేసి అడిగింది, ఏటి చెప్పమంటావ్ దానికి?"

మా ఆయన చెప్పులు సర్దే నెపంతో తలుపు దగ్గరే ఆగిపోయాడు. క్షమించమని అడగడం చేతనవును, కానీ అడిగితే వచ్చే శనివారం మళ్లీ పిలవలేను. అందుకని తల వంచుకోకుండా అత్తయ్య వైపే చూశాను. వంటింట్లో చేపలు వేయిస్తున్న వదిన గరిటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది.

"అమ్మా, ఆపు లా," అంది. "ఇంట్లో అది నా మరదలు. నాకు బామ్ రాస్తాది, నేను తిడితే పడతాది. గ్రౌండ్‌లో అది నా గోల్‌కీపరు. అది పిలవాల, నేను వినాల. నిన్న అది పిలవకపోతే ఈ పాటికి నా మోకాలికి బామ్ కాదు, కట్టు కట్టుదురు. పిన్నికి అదే చెప్పు. నా గోల్‌కీపరు అని చెప్పు."

అత్తయ్య ఫోన్ పక్కన పెట్టి, "చేప మాడతన్నాది," అంది. వదిన లోపలికి వెళ్లిపోయింది. నేను పళ్లాలు తీసే మిషతో వెనకాలే వెళ్లి, ఆవిడకి కనపడకుండా కళ్లు తుడుచుకున్నాను.

సీజన్ అయిపోయినా మాకు ప్రాక్టీసు ఆగదు. తర్వాతి శనివారం కోచ్ కోన్లు పేరుస్తుంటే వెళ్లి ఇదంతా చెప్పాను. అత్తయ్య మాటలకి ఆయన బాగా నవ్వాడు. వదిన అన్నమాట కూడా చెప్పాను, గరిటెతో సహా. అక్కడ నవ్వు ఆగిపోయింది.

"మళ్లీ చెప్పు, ఏమంది?"

"నా గోల్‌కీపర్ అంది."

ఆయన చేతిలో ఉన్న కోన్‌ని నేల మీద పెట్టాడు, సరిచేశాడు, మళ్లీ సరిచేశాడు.

"పద్దెనిమిదేళ్లు ఆడాను," అన్నాడు. "అయిదు క్లబ్బులు. అందరి పేర్లూ పిలిచాను. ఆ మాట నన్ను ఒక్కరూ అనలేదు."

నాకు ఆయన మీద జాలేసింది, నా మీద నాకు చెప్పలేనంత గర్వం కలిగింది, రెండూ ఒకేసారి. జాలి ఎలా చూపించాలో తెలియలేదు. గ్లవ్స్ తొడుక్కుని గోల్లోకి వెళ్లి నిలబడ్డాను. కోచ్ బంతి పట్టుకుని అటు తిరిగి నిలబడి ఉన్నాడు, చాలాసేపటిగా. మా జట్టులో అందరూ ఆయన్ని కోచ్ అనే అంటాం. నేను గొంతెత్తి ఆయన్ని పేరు పెట్టి పిలిచాను.